తొమ్మిదిన్నర అంగుళాల వాన

మడుగుపల్లెలో మడుగు లేదు. పెద్దపల్లి స్టేషనులో రైలు దిగి ఆరు కోసులు నడిస్తే వచ్చే ఆ ఊరికి ఆ పేరు ఎవరు పెట్టారో గానీ, నీళ్లకు బాగా మొహం వాచినవాళ్లే అయ్యుంటారు. ఊరికి ఉన్నవి ఒక చెరువు, ఒక మంచినీళ్ల బావి, చెరువుకొక నీరటి. తూము ఎత్తి దించి ఎవరి మడికి ఎంత నీరు పోవాలో చూసేవాణ్ణి అక్కడ నీరటి అంటారు. ఆ నీరటి పేరు అంతయ్య. కాలి బొటనవేలు దుక్కిలో గుచ్చి జానెడు పదునుందని అన్నాడంటే జానెడే, తవ్వి చూసుకున్నా అంతే. ఆ వేలి మీద ఊరంతటికీ నమ్మకం. భార్య బుచ్చవ్వకు మాత్రం ఆ వేలు కడుక్కోకుండా ఇంట్లోకి వస్తాడని కోపం.

నిజాం రాజ్యం పోయిన మూడో ఏడు ఆ ఊళ్లోకి సైన్సు వచ్చింది. ఎడ్లబండిలో వచ్చింది. ఇన్‌స్పెక్టరు ఒకాయన గడ్డిలో చుట్టిన రాగి పరికరాన్ని దించి, ఊరి బయట గద్దె కట్టించి, దాని మీద నిలబెట్టి, చుట్టూ కంచె వేయించాడు. పైన గరాటు, లోపల సీసా, సీసా నిండితే పొర్లడానికి చుట్టూ డబ్బా. పడ్డ వానను రోజూ పొద్దున ఎనిమిదిన్నరకు గీతలున్న గ్లాసుతో కొలిచి రిజిస్టరులో రాయాలి. ఊరు దానికి వానగిన్నె అని పేరు పెట్టుకుంది. కొలిచేవాడు కావాలంటే పటేలు కైలాసం అంతయ్యను చూపించాడు. అంకెలు వచ్చు, కూడబలుక్కుని నాలుగు అక్షరాలు రాస్తాడు, ఊరు వదిలి ఎక్కడికీ పోడు. పరిశోధనకు అంతకన్నా పెద్ద చదువు అక్కర్లేదని ఇన్‌స్పెక్టరు ఒప్పుకున్నాడు.

మొదటి ఏడే ఒక తప్పు జరిగింది. కంచె సందులోంచి మేక దూరి గిన్నెను తన్నేసింది. అదే రోజు పెద్దవాన. అంతయ్య పొద్దున పోయి చూస్తే గిన్నె బోర్లా పడి పొడిగా ఉంది. అతను ఏం కంగారు పడలేదు. పక్క చేనులో బొటనవేలు గుచ్చి చూసి, రెండు అంగుళాలని రాశాడు. నెల తర్వాత ఇన్‌స్పెక్టరు వచ్చి సంగతి విని మండిపడ్డాడు.

"నీ కాలివేలికి సర్కారు తన్ఖా ఇస్తలేదు. మొగులు జూడకు, నేల జూడకు. గ్లాసు జూడు. గ్లాసుల ఎంతుంటె గంత రాయి."

ఆ మాట అంతయ్యకు ఎముకలదాకా పట్టింది. పాపం, తిట్టు తిన్నవాడికి ఆ తిట్టే శాస్త్రమైంది. తొమ్మిదేళ్లు తల వంచుకుని కంచెలోకి పోయాడు, తల వంచుకుని వచ్చాడు. వాన పడుతుందా అంతయ్యా అని రైతులు అడిగితే, పొద్దున ఎనిమిదిన్నరకు చెబుతా అనేవాడు. ఊరు మొదట నవ్వింది, తర్వాత అడగడం మానేసింది. కానీ అంతయ్య ఒక్క అంకె అబద్ధం రాయలేదు. రిజిస్టరులో చివర కైఫియత్ అని ఒక ఖానా ఉండేది, చెప్పుకోవలసిన విశేషమేదైనా ఉంటే రాయడానికి. పాత సర్కారు కాలం నాటి ఖానా. అందులో కూడా, "గ్లాసు కడిగిన" అనో "చీమలు పడ్డయి, తీసిన" అనో నిజాయితీగా రాసేవాడు.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన నాలుగో ఏడు వాన ముఖం చాటేసింది. మృగశిర పోయింది, ఆరుద్ర పోయింది, మొలిచిన జొన్న మొలిచినట్టే మాడింది. చెరువు పగుళ్లిచ్చింది. మంచినీళ్ల బావిలో బురద, ఆ బురదలో పొద్దంతా ఊరితే నాలుగు బిందెల నీళ్లు. ఆడవాళ్లు వంతులు వేసుకుని చెంబులతో తోడుకునేవారు. పశువుల్ని గోదావరి దిక్కు తోలుకుపోయిన వాళ్లు పోయారు, తోలలేనివాళ్లు వాటి కళ్లలోకి చూడలేక వెనక్కి తిరిగి కూర్చున్నారు.

అప్పుడు ఊరి ఆడవాళ్లు కప్పతల్లి ఆడారు. ఆ దిక్కున కరువు వస్తే అది ఉన్నదే. తడిబట్టలో కప్పను కట్టి, వేపకొమ్మలతో రోకలికి వేలాడదీసి, ఇద్దరు భుజాన మోస్తుంటే ఇల్లిల్లూ తిరుగుతారు. ప్రతి ఇంటి ఇల్లాలూ కప్ప మీద నీళ్లు పోయాలి. ఎంత కరువైనా పోయాల్సిందే, కరువులో పోస్తేనే దేవుడికి సిగ్గేస్తుందని నమ్మకం. ఆ రోజు సాయంత్రం ఊరంతా తిరిగి, ఊరి చివర ఆగిన చోట కంచె, కంచెలో నోరు తెరుచుకుని వానగిన్నె కనిపించాయి. అంతయ్య చెరువుకట్ట మీద ఉన్నాడు.

బుచ్చవ్వకే ముందు తట్టింది. తొమ్మిదేళ్లుగా ఆమె మొగుడు పొద్దున్నే చేతులు కట్టుకుని ఆ గిన్నె దగ్గరికి పోతున్నాడు, తల వంచుతున్నాడు, అది ఖాళీగా ఉంటే దిగులుగా వస్తున్నాడు. కప్పకు పోసి దీనికి పోయకపోతే ఎట్లా? సర్కారంతటి సర్కారు వాన కోసం గద్దె కట్టి నిలబెట్టిన దేవత ఎండిన నోటితో ఉంటే వాన ఎట్లా వస్తుంది? గిన్నెకు పసుపు రాశారు, బొట్టు పెట్టారు. మిగిలిన నీళ్లు తలా ఒక చెంబు గరాటులో పోశారు. గిన్నె నిండి, పొర్లి, గద్దె తడిసింది. అవి మర్నాటికి దాచుకున్న నీళ్లు. ఆ రాత్రి చాలా ఇళ్లలో గటక వండలేదు.

మర్నాడు ఎనిమిదిన్నరకు అంతయ్య గిన్నె ముందు నిలబడ్డాడు. సంగతి అతనికి తెలుసు, బుచ్చవ్వ చెప్పింది. పైన ఆకాశం తెల్లగా కాలుతోంది. కానీ మొగులు చూడకూడదు. గ్లాసు చూడాలి. అర అంగుళం పట్టే గ్లాసుతో కొలిచాడు. పందొమ్మిది గ్లాసులు. తొమ్మిదిన్నర అంగుళాలని రాసి, చెయ్యి ఆగక, కైఫియత్ ఖానాలో ఇలా రాశాడు: "వాన గాదు. ఆడోళ్లు పోసిన నీళ్లు." అంతకన్నా నిజం ఆ ఏడు ఆ జిల్లాలో ఎవరూ రాయలేదు.

రిజిస్టరు నకలు కరీంనగరంలో వానలెక్కలు కూర్చే దఫ్తరుకు పోయింది. అక్కడ గుమాస్తా కొండల్ దాన్ని కొత్త ఫారంలోకి ఎక్కించాడు. కొత్త ఫారం మిల్లీమీటర్లది, దేశమంతటికీ ఒకటే. తొమ్మిదిన్నర పోయి రెండువందల నలభై ఒకటి అయింది, చూడ్డానికి మరింత నిండుగా కనిపించింది. కొత్త ఫారంలో కైఫియత్ ఖానా లేదు. కొండల్ ఎక్కించలేదు. అతన్ని అనడానికి లేదు, ఖానా ఉంటే ఎక్కించే మనిషే.

నెల తిరిగేసరికి కరువు ఊళ్ల జాబితా వచ్చింది. జాబితాలో ఉన్న ఊరికి గంజికేంద్రం, పశువులకు గడ్డి, బావి లోతు తవ్వడానికి మనుషులు, మందుగుండు. చుట్టుపక్కల పదకొండు ఊళ్లున్నాయి. మడుగుపల్లె లేదు. అంతయ్య కరీంనగరం పోయి చేతులు జోడించాడు. కొండల్ ఫారం తీసి చూపించాడు.

"మీ ఊర్ల కరువు యాడిదయ్యా? జిల్లల అందరికన్న ఎక్కువ వాన మీకే పడ్డది. కావాల్నంటె వరద సాయం అడుగు. గానీ కూలిన ఇండ్లు సూపెట్టాలె."

ఆడవాళ్లు పోసిన నీళ్లని అంతయ్య చెప్పాడు. కైఫియత్‌లో రాశానని కూడా చెప్పాడు. కొండల్‌కు జాలేసింది, నిజంగానే వేసింది. కానీ ఒకసారి ఫారంలో ఎక్కిన అంకెను కొట్టెయ్యడానికి రూలు లేదు. పరిశోధన చేసి కారణం చూపితే తప్ప.

పరిశోధన అంటే ఎంతసేపు? కన్నుమూసి తెరిచేలోగా శాస్త్రవేత్తలు వచ్చేశారు. ఒక్క రోజులో అంత వాన, చుట్టూ పదకొండు ఊళ్లలో చుక్క లేదు, ఇది మామూలు సంగతి కాదు. ఒకరి వెంట ఒకరు ఐదుగురు దిగారు. ఊరు వాళ్ల చదువుల పేర్లు పలకలేక తన తీరున పేర్లు పెట్టుకుంది. మబ్బుల సారు గుట్ట ఎక్కి గాలి దిక్కు చూసి, దక్షిణం నుంచి వచ్చిన మబ్బు ఆ గుట్టకు తట్టుకుని కదల్లేక కురిసిందన్నాడు. రాళ్ల సారు సుత్తితో గుట్టను నాలుగుచోట్ల కొట్టి, లోపలి రాయికి మబ్బును లాగే గుణం ఉండవచ్చన్నాడు. వెదురు సారు కాగజ్‌నగర్ మిల్లుకు వెదురు ఎక్కడ పెంచవచ్చో వెతుకుతూ వచ్చి, ఇంత వాన పడే చోట వెదురు లేకపోవడం ఊరివాళ్ల బద్ధకమన్నాడు. దోమల సారు చెంచా, సీసా పట్టుకుని నిలువ నీళ్ల కోసం వారం తిరిగాడు. దోమ దొరకలేదు. నిలువ ఉండటానికి నీళ్లుంటే కదా. ఇంత వానలోనూ దోమ లేని ఊరు ఇదొక్కటేనని, ఇక్కడి మట్టిలో ఏదో మందుందని ఆయన సంబరపడి మూడు మూటల మట్టి పట్టుకుపోయాడు.

అందరికన్నా వరి సారు ఘనుడు. వరదలో మునిగినా చావని వంగడాన్ని ఆయన పన్నెండేళ్లుగా తయారుచేస్తున్నాడు, పరీక్షించడానికి సరైన ఊరు దొరక్క తిరుగుతున్నాడు. వెంట తెచ్చిన నారు అంతయ్య మడిలోనే నాటించాడు. నాలుగో రోజుకు నారు ఎండి కసువైంది. సారు లెక్కపెట్టించి, నీట మునిగి చచ్చిన మొక్క ఒక్కటీ లేదని రాసుకున్నాడు. వంగడం నూటికి నూరు గెలిచింది.

అందరికీ సాయం అంతయ్యే. గుట్ట మీదికి దారి చూపింది, సుత్తి మోసింది, మట్టి మూటలు కట్టింది అతనే. ప్రతి ఒక్కరికీ అది వాన కాదని చెప్పాడు. ప్రతి ఒక్కరూ నవ్వి, చదువులేనివాళ్లు ప్రకృతి వింతను ఇట్లాగే ఆడవాళ్ల మీదికి నెడతారని రాసుకున్నారు. మబ్బుల సారు ఒక్కడు మాత్రం కాస్త ఆలోచించి, నువ్వు కళ్లారా పోస్తుంటే చూశావా అని అడిగాడు. లేదు, చెరువుకట్ట మీదున్నా అన్నాడు అంతయ్య. చూడనిదాన్ని చూశానని అతను చెప్పలేడు. సారు తృప్తిగా పుస్తకం మూశాడు.

ఒక మధ్యాహ్నం ఐదుగురూ చావడిలో కలిసి కూర్చున్నారు. ఎండకు నాలుకలు పిడచకట్టాయి. నీళ్లు తెమ్మని అంతయ్య ఇంటికి కబురు చేశారు. బుచ్చవ్వ వచ్చింది, ఉత్తచేతులతో వచ్చింది. గడప దగ్గర నిలబడి, గొంతు పెంచకుండా చెప్పింది.

"నీళ్లు లేవు సారూ. బాయిల ఉన్నయన్ని ఆ పొద్దు మీ గిన్నెల పోసినం. గిప్పుడు ఊరి నీళ్లన్ని మీ బుక్కులనే ఉన్నయి. గా బుక్కులకెల్లే తాగుండ్రి."

ఐదుగురూ లేచారు. ఆ పూటే సామాను సర్దుకుని పెద్దపల్లి దిక్కు బండి కట్టించుకున్నారు. దోమల సారు పోతూ పోతూ, ఈ ఊరివాళ్లకు మర్యాద తక్కువని రాసుకున్నాడని బండివాడు చెప్పాడు.

అంతయ్య ఆ సాయంత్రం గద్దె పక్కన కూలబడ్డాడు. సిగ్గుతో చచ్చిపోయాడు. తొమ్మిదేళ్లు ఒక్క అబద్ధం రాయని చెయ్యి ఊరి నోట్లో మన్ను కొట్టింది. బుచ్చవ్వ పక్కన కూర్చుంది. ఇంకో ఆడదైతే ఏడ్చేదేమో. ఆమె తప్పును తీరిగ్గా తిప్పి చూసి, దాంట్లోంచే ఉపాయం తీసింది.

"నువ్వు జెప్తె ఇంటలేరు గద. గాళ్ల దఫ్తరు గిన్నెల సుత గిన్ని పోద్దాం."

సరిగ్గా అప్పుడే కరీంనగరం దఫ్తరు నుంచి పిలుపు వచ్చింది. మడుగుపల్లె వాన మీద ఐదు శాఖల ఉమ్మడి సమావేశం, కొలిచినవాడు హాజరు కావాలి. మొగుడూ పెళ్లాలూ ముందురోజే బస్సెక్కి, బస్టాండులో పడుకుని, పొద్దున్నే లేచారు. వీధి నల్లా తిప్పితే నీళ్లు దూకాయి. బుచ్చవ్వ చెంబు నింపడం మరిచిపోయి కాసేపు చేతులు తడుపుకుంటూ నిలబడింది. ఆమె కళ్లు కూడా తడిశాయి. తర్వాత పెద్ద చెంబు నిండా పట్టుకుంది.

దఫ్తరు ఆవరణలోనూ కంచె, కంచెలో అలాంటిదే గిన్నె. జవాను చాయకు పోయాడు. అంతయ్య కాపలా ఉన్నాడు, బుచ్చవ్వ పోసింది. ఈసారి పసుపు రాయలేదు. అయితే ఈసారి అంతయ్య కళ్లారా చూశాడు.

ఎనిమిదిన్నరకు జవాను వచ్చాడు. అతనికీ ఆ ఇన్‌స్పెక్టరే నేర్పాడు. మొగులు చూడలేదు, నేల చూడలేదు, గ్లాసు చూశాడు. ఎనిమిది గ్లాసులు, నాలుగు అంగుళాలు. కొండల్ దాన్ని నూటరెండు మిల్లీమీటర్లు చేసి సమావేశం బల్ల మీద పెట్టాడు. ఐదుగురు సార్లూ అప్పటికే కూర్చున్నారు. మబ్బుల సారు ఫారం చూసి లేచి నిలబడ్డాడు. మడుగుపల్లె మబ్బు కరీంనగరానికి కదిలిందని, అది కదులుతుందని తాను ముందే రాశానని అన్నాడు. దోమల సారు సీసా బయటికి తీశాడు. వరి సారు ఇక్కడ మడి దొరుకుతుందా అని పక్కనున్నవాణ్ణి అడిగాడు.

అప్పుడు దఫ్తరు పెద్దసాహెబు లోపలికి వచ్చాడు. ఫారం చూశాడు. కిటికీలోంచి ఎండను చూశాడు. ఇది ఏ గాడిద రాశాడని అడిగి, ఎర్రసిరా కలం తీసి అంకెను అడ్డంగా కొట్టేశాడు. కొండల్, ఏ రూలు కింద కొట్టేసినట్టు రాసుకోవాలని అడిగాడు.

"రాత్రి నేను డాబా మీద పండుకున్న. నా మంచం తడువలే. అదే రూలు. రాసుకో."

కొండల్ రాసుకున్నాడు. తలుపు దగ్గర నిలబడ్డ అంతయ్య అప్పుడు రెండడుగులు ముందుకు వచ్చాడు. తొమ్మిదేళ్లలో మొదటిసారి తల ఎత్తాడు.

"దొరా, మా ఊర్ల సుత ఎవ్వల మంచం తడువలే. గదే రూలు మాకు పెట్టుండ్రి."

అంతయ్య ఆగకుండా మొత్తం చెప్పేశాడు. ఈ గిన్నెలో నీళ్లు పొద్దున మేమే పోసినం, ఆ గిన్నెలో మా ఆడోళ్లు పోసినారు, రెండూ ఒకటే వాన అన్నాడు. పెద్దసాహెబు అసలు రిజిస్టరు తెమ్మన్నాడు. కొండల్ దుమ్ము దులిపి తెచ్చి, కైఫియత్ ఖానాలోని ఆ వంకర అక్షరాలను అందరికీ వినపడేలా చదివాడు. మీలో ఎవరూ ఈ పేజీ చూడలేదా అని సాహెబు అడిగాడు. పరిశోధన అంకెల మీద జరుగుతుందని, కైఫియత్ శాస్త్రంలోకి రాదని మబ్బుల సారు నొచ్చుకుంటూ చెప్పాడు. సాహెబు మడుగుపల్లె అంకె మీద కూడా ఎర్రగీత గీశాడు. ఆ గీతకు పట్టిన సేపు అరనిమిషం, దాని కోసం మడుగుపల్లె ఎదురుచూసింది రెండున్నర నెలలు.

ఊరు జాబితాలోకి ఎక్కింది. మనుషులు వచ్చారు, మందుగుండు పేల్చారు, ఇంకో ఎనిమిది గజాల లోతున ఊట తగిలింది. మొదటి బిందె బుచ్చవ్వ చేత తోడించారు. సార్ల రాతలు మాత్రం ఎవరూ కొట్టెయ్యలేదు. అవి అచ్చయ్యాయి. మునిగినా చావని వంగడం ఎక్కడో సిఫారసు కూడా అయిందని విన్నారు.

సర్కారు పరికరంలో నీళ్లు పోసిన నేరం మీద అంతయ్యపై విచారణ మొదలైంది. అది ఏడేళ్లు సాగింది. ఆ ఏడేళ్లూ గిన్నెను కొలిచినవాడు అంతయ్యే, ఎందుకంటే ఇంకెవరినీ పెట్టాలని ఎవరికీ తోచలేదు. అరవై ఎనిమిదిలో, జుట్టు నెరిసి చూపు మందగించాక, ఉత్తర్వు వచ్చింది. పటేలు కైలాసం చదివి వినిపించాడు: వాన కాదని తెలిసి కూడా, ఆకాశం వైపు చూడకుండా గ్లాసులో ఉన్నంత రాసినందుకు తొలగించడమైనది.

అంతయ్య ఆ వాక్యాన్ని రెండోసారి చదివించుకున్నాడు. తర్వాత చాలాసేపు నవ్వాడు. బుచ్చవ్వ లోపలినుంచి వచ్చి ఏమైందని అడిగితే, ఇప్పుడు మొగులు చూడాలట అన్నాడు.

ఉత్తర్వు అందినట్టు సంతకం చేసి పంపాల్సిన కాగితం పాత ఫారం. ఎక్కడో మిగిలిపోయిన కట్టలోంచి తీసి పంపినట్టున్నారు. దాని చివర కైఫియత్ ఖానా ఉంది. అంతయ్య కలం అడిగి తీసుకుని, వాకిట్లోకి వచ్చి, తల ఎత్తి చూసి, నెమ్మదిగా రాశాడు: "అందింది. బాయిల నీళ్లున్నయి. మొగులు జూస్తున్న, పడమట నల్లగైంది." కరీంనగరంలో కొండల్ ఆ కాగితాన్ని ఫైలులో పెట్టాడు. కైఫియత్ ఎక్కించడానికి ఫైలులో ఖానా లేదు. మడుగుపల్లెలో ఆ సాయంత్రం వాన పడింది, కొలిచేవాడు లేడు.